ముత్తాత పేరు మీద వెతికితే దొరకని పట్టా

కాన్సాస్‌లో పాత వ్యవసాయ కుటుంబాల చరిత్ర వెతకాలనుకునేవాళ్ళు మొదట అడిగేవి రెండే: ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది? మాకు ప్రభుత్వ ఫైలుకి అయింది 50 డాలర్లు, పట్టింది రెండున్నర నెలలు. ఆ ఫైలు వచ్చాక దాంట్లో ఉన్నది ఇంట్లోవాళ్ళ చేత ఒప్పించడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది. ఈ రెండో సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.

కుటుంబం మాది కాదు. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం మెక్‌ఫర్సన్‌లో, మేం ఉండేది దానికి ఉత్తరాన లిండ్స్‌బోర్గ్‌లో. స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు, నాలుగు వేల మంది కూడా లేరు. నాది హెచ్4 వీసా కాబట్టి ఉద్యోగం లేదు, బొమ్మలు వేసుకుంటూ ఉంటాను. మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఉంటారు, 86 ఏళ్ళు. మంచు పడినప్పుడు మా ఆయన వాళ్ళ వాకిలి కూడా ఊడ్చి వస్తాడు, ఆవిడ ఏలకులు వేసిన బన్నులు పంపిస్తారు. స్వీడన్ వంటల్లో ఇన్ని ఏలకులు పడతాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పరిచయం అలా మొదలైంది.

2024 డిసెంబర్‌లో ఆవిడ నన్ను పిలిచి ఒక స్కెచ్ చూపించారు. ఊరికి ఉత్తరాన వాళ్ళ పొలం ఉంది, ఇప్పుడు కౌలుకి ఇచ్చారు. అక్కడి పాత బార్న్ (పంట, పశువులు పెట్టుకునే పెద్ద చెక్క కట్టడం) గోడ మీద ఎనిమిది అడుగుల చదరం బోర్డు పెట్టి, తొలి తరం కథని బొమ్మగా వేయించాలని కజిన్లంతా అనుకున్నారు. ఈ ఊళ్ళో బొమ్మ వేయించడం వింత కాదు. మెయిన్ స్ట్రీట్ పొడుగునా దుకాణాల ముందు రంగులేసిన పెద్ద పెద్ద డాలా గుర్రాలు, అంటే స్వీడన్ సంప్రదాయపు గుర్రం బొమ్మలుంటాయి, ఒక్కో దానికి ఒక్కో తమాషా పేరు. పోస్టాఫీసులో స్టాంపులు కొనుక్కోవడానికి వెళ్తే గోడ మీద ఈ ఊరి చిత్రకారుడు బిర్గర్ సాండ్‌జేన్ 1938లో వేసిన నది కనిపిస్తుంది. పొలాల మీద బార్న్‌లకి బొమ్మల పలకలు కట్టడం కూడా ఈ చుట్టుపక్కల మామూలే.

కొలరాడోలో ఉండే కజిన్ ఒకాయన, అంటే పెద్దావిడ బాబాయి మనవడు, ఎవరి చేతో గీయించి పంపిన స్కెచ్ అది. గడ్డం ఉన్న మనిషి నాగలి పట్టుకుని, ముందు రెండు ఎద్దులు, వెనక అస్తమిస్తున్న సూర్యుడు. కింద ముత్తాత పేరు, "160 ఎకరాలు" అని. నా పని దాన్ని శుభ్రంగా తిరగ గీయడం.

"పేరు స్పెల్లింగు, సంవత్సరం మాత్రం సరిగ్గా ఉండాలి, ఒకసారి చూస్తావా?" అన్నారు. ఆ ఒకసారి పదకొండు నెలలైంది.

జనవరిలో మొదలుపెట్టాను. అక్కడే ఉండి సాగు చేసినవాళ్ళకి ప్రభుత్వ భూమిని సొంతం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇచ్చిన పాత పట్టాలు ల్యాండ్ మేనేజ్‌మెంట్ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ముత్తాత పేరు కొట్టాను. వరసగా చాలా వచ్చాయి, ఒక్కటీ ఆయనది కాదు. అప్పట్లో స్వీడన్ పల్లెల్లో మనకున్నట్టు ఇంటిపేర్లు ఉండేవి కావు. ఆండర్స్ కొడుకు ఆండర్సన్, కూతురు ఆండర్స్‌డాటర్. అలాంటివాళ్ళు ఒక్కసారిగా వచ్చి ఒకేచోట దిగితే ఒకే పేరున్నవాళ్ళు పక్కపక్క పొలాల్లో ఉంటారు. పేరుతో వెతకడం దండగ.

పని జరిగింది ఇలా. పెద్దావిడ దగ్గర ఏటా వచ్చే పొలం పన్ను కాగితం ఉంది. దాంట్లో సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లుంటాయి, మన సర్వే నంబర్లలాంటివి. వెబ్‌సైటులో పేరు గడి ఖాళీగా వదిలేసి ఆ నంబర్లు మాత్రమే ఇస్తే, ఆ ముక్క నేల మొదట ఎవరికి పట్టా అయిందో చూపిస్తుంది. చూపించింది. 1877. ఒక ఆడమనిషి పేరు, పక్కన ఫలానా వ్యక్తి వితంతువు అని. ఆ ఫలానా వ్యక్తి పెద్దావిడ ముత్తాత. విస్తీర్ణం 80 ఎకరాలు.

నేను ఫోన్ చేసి చెబితే ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొరపాటు అయ్యుంటుంది. మా ముత్తాత 1875 దాకా ఉన్నాడు, సమాధి రాయి మీద ఉంది. పట్టా ఆయనకే వచ్చింది, మా నాన్న ఎప్పుడూ అదే చెప్పేవాడు" అన్నారు. నేను వాదించలేదు. పెద్దవాళ్ళ దగ్గర ఇలాంటివి ఫోన్లో చెప్పకుండా, కాగితం ప్రింట్ తీసుకుని వెళ్ళి చూపించడం మంచిది.

ఫిబ్రవరిలో జనాభా లెక్కలు చూశాను. 1890 దేశ జనాభా లెక్కల కాగితాలు 1921 నాటి అగ్నిప్రమాదంలో దెబ్బతిని, తర్వాత దాదాపు అన్నీ పోయాయి కానీ, కాన్సాస్ రాష్ట్రం పదేళ్ళకోసారి తన లెక్కలు తాను రాసుకుంది. 1875ది ఉంది. కాన్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే ఈ రాష్ట్రపు రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసే ఏర్పాటు ఉంది. నా లైసెన్స్ వీసా గడువుతో ముడిపడినదే అయినా పనిచేసింది. చందా డబ్బులు మిగిలాయి.

చూస్తే టెన్షన్ పట్టుకుంది. వాళ్ళ పొలం ఉన్న టౌన్‌షిప్‌లో పక్కింటివాళ్ళ కుటుంబం కింద ఇద్దరు పిల్లల పేర్లున్నాయి, ఈ ముత్తాత పిల్లలే. తండ్రి లేడు. తల్లీ లేదు. మూడో పిల్ల కూడా లేదు. తల్లి కూడా పోయిందా? పోతే 1877లో పట్టా ఎవరికిచ్చారు? వదిలేసి వెళ్ళిందా? ఇది పెద్దావిడకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆయన, "ఫైలు వచ్చేదాకా ఆగు" అన్నాడు. ఆగాను. అందుకు ఇప్పటికీ సంతోషమే.

ఫైలంటే ఏమిటో చెప్పాలి. పట్టా ఒక్క పేజీ, దాంట్లో పేరు, భూమి వివరం తప్ప కథ ఉండదు. కథంతా దరఖాస్తు ఫైలులో ఉంటుంది. అది వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. తెప్పించుకోవడానికి ల్యాండ్ ఆఫీసు పేరు, ఫైనల్ సర్టిఫికెట్ నంబరు, భూమి నంబర్లు కావాలి. మూడూ పట్టా రికార్డులోనే ఉంటాయి. మా ల్యాండ్ ఆఫీసు సలైనా. మార్చి మొదటి వారంలో ఆన్‌లైన్‌లో 50 డాలర్లు కట్టాం. కార్డు నాది, డబ్బు ఆవిడది, వెంటనే చెక్కు రాసిచ్చారు. ఆవిడ తరం ఇంకా చెక్కులే.

ఎదురుచూసే రోజుల్లో రెండు జరిగాయి. 160 ఎకరాల ముడి మొదట వీడింది. సలైనాలో కౌంటీ కోర్టుహౌస్‌కి ఆవిడని తీసుకెళ్ళాను. దస్తావేజుల పుస్తకాల్లో రెండో 80 ఎకరాలు దొరికింది. అది ప్రభుత్వం ఇచ్చింది కాదు, రైలు కంపెనీ నుంచి పెద్ద కొడుకు 1883లో కొన్నది. రైలుమార్గం వేసినందుకు కంపెనీకి దారికి రెండువైపులా బేసి నంబరు సెక్షన్లు (చదరపు మైలు ముక్కలు) ఇచ్చారు, సరి నంబరువి ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ హద్దుల్లో మామూలు సెటిలర్‌కి 1879 వరకు 80 ఎకరాలే. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడిన సైనికుడైతేనే 160. అమెరికాలో ఎవరినడిగినా హోమ్‌స్టెడ్ అంటే 160 ఎకరాలంటారు. ఈ చుట్టుపక్కల పాత పట్టాలు చూస్తే 80లే ఎక్కువ కనిపిస్తాయి. ఆవిడ ఇంటికి వచ్చేదాకా, "అయితే సగం కొనుక్కున్నాం, సగం కొనుక్కున్నాం" అని గొణుక్కుంటూనే ఉన్నారు. బాధతో కాదు. గర్వంగానే.

రెండోది భోషాణం. ఏప్రిల్‌లో ఈస్టర్ వారం. ఈ ఊళ్ళో 1882 నుంచి ఏటా హాండెల్ బృందగానం 'మెస్సయ్య' పాడతారు, ఆ వారంలోనే. పెద్దావిడ వయసులో ఉన్నప్పుడు ఆ బృందంలో పాడినవారు. కార్యక్రమం అయ్యాక వాళ్ళింటికి వెళ్తే, వెనక వరండాలో బూట్లు, తోటపని గ్లోవ్స్ వేసే పెద్ద చెక్కపెట్టె మీద కూర్చున్నాను. స్వీడన్ నుంచి ముత్తాత తెచ్చిన పెట్టె అని నాకు చాలాసార్లు చెప్పారు. ఆరోజు పైన పరిచిన దుప్పటి జారి, ముందు పలక మీద వెలిసిపోయిన అక్షరాలు కనిపించాయి. మూడు పొడి అక్షరాలు, ఒక సంవత్సరం. చివరి అక్షరం డి. మగవాడిదైతే సన్ కాబట్టి ఎస్ ఉండాలి. ఇది డాటర్. పెట్టె ఆయనది కాదు.

చెప్పాను. ఆవిడ వంగి, వేలితో ఆ అక్షరం మీద దుమ్ము తుడిచి, "ఇన్నేళ్ళూ దీనిమీద బూట్లు పెట్టాను" అన్నారు. మర్నాటికి బూట్లు అక్కడ లేవు.

మే మధ్యలో ఫైలు స్కాన్ చేసి పంపించారు. పదిహేను పేజీలు కూడా లేవు. ఇద్దరం వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో చదివాం. ఆ కాలపు చేతిరాత మొదట్లో అర్థం కాదు, రెండు పేజీలయ్యాక కళ్ళు అలవాటుపడతాయి. మొదటి కాగితం 1871 వసంతంలో ముత్తాత పెట్టుకున్న దరఖాస్తు. సంతకం గుండ్రంగా, అందంగా ఉంది. తర్వాత పౌరసత్వం తీసుకుంటానని ఆయన రాసిచ్చిన ప్రకటన నకలు. ఆ తర్వాతవన్నీ ఆమెవి. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేశామని చివర్లో రుజువు చూపించాలి. అది 1876 నవంబర్‌లో ఆమె ఇచ్చింది. ఇద్దరు సాక్షులు పొరుగు రైతులు.

అందులో ఉన్నది దాదాపుగా ఇంతే. భర్త 1873 నవంబర్‌లో చనిపోయాడు. ముగ్గురు పిల్లలు. ఇల్లు గట్టు పక్కన నేలలోకి తవ్వుకున్నది, 12 అడుగులు, 14 అడుగులు, ఒక తలుపు, ఒక కిటికీ. బావి ఒకటి. పశువుల కొట్టం. పీచ్ మొక్కలు. 27 ఎకరాలు దున్ని సాగు చేశారు. భర్త చనిపోయేనాటికి దున్నినది 9 ఎకరాలు. ఈ చివరి వాక్యం ఒక సాక్షి చెప్పాడు, ఎవరో గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్నాడు.

ఇంకో కాగితం విడిగా ఉంది. 1874 వేసవి చివర్లో కాన్సాస్ మీద మిడతల దండు పడి పంటలన్నీ తినేసింది. ఆ దెబ్బతిన్నవాళ్ళు కొంతకాలం భూమి వదిలి కూలికి వెళ్ళినా హక్కు పోకుండా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆమె ఆ వెసులుబాటు కింద రాయించుకుంది: ఇద్దరు పెద్దపిల్లల్ని పొరుగువారి దగ్గర ఉంచి, చంటిదాన్ని తీసుకుని సలైనాలో బట్టలు ఉతికే పనికి వెళ్ళాను, వసంతంలో తిరిగి వచ్చి విత్తనం వేశాను. జనాభా లెక్కలు రాసింది 1875 మార్చి నాటి స్థితికి. అందుకే పొలంలో లేదు. అక్కడికక్కడే సలైనా పేజీలు తెరిచి వెతికితే, ఒక ఇంట్లో పనిమనిషిగా ఆమె, పక్కన రెండేళ్ళ పిల్ల. ఫిబ్రవరి నుంచి నాలో నేనే మోస్తున్న భయం అప్పుడు పెద్దావిడకి చెప్పాను. "మంచి పని చేశావు చెప్పకుండా" అన్నారు.

కానీ ఆవిడకి ఏడుపు వచ్చింది వేరేచోట. సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు, పక్కన గుమాస్తా రాసిన "ఆమె గుర్తు". "మా ముత్తవ్వకి చదువు రాదా?" అని చాలాసేపు ఆ పేజీనే చూశారు. వాళ్ళది టీచర్ల కుటుంబం. ఆవిడ తల్లి ఈ ఊరి బెథనీ కాలేజీలో సాండ్‌జేన్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. మా నాయనమ్మ కూడా రోజూ రామాయణం చదివి, బ్యాంకులో మాత్రం వేలిముద్ర వేసేదని చెప్పాను. ఓదార్పు కోసం చెప్పిందే, జూన్‌లో అదే నిజమని తేలింది.

ఎలాగంటే, ఇక్కడి లూథరన్ చర్చి పాత సభ్యుల పుస్తకంలో ఎవరు స్వీడన్‌లో ఏ పారిష్ నుంచి వచ్చారో రాసి ఉంటుంది. ఇలాంటి చర్చి పుస్తకాల మైక్రోఫిల్ములు ఇల్లినాయ్‌లో అగస్టానా కాలేజీలోని స్వెన్సన్ సెంటర్‌లో ఉన్నాయి. పారిష్ పేరు తెలిశాక స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ఆ పారిష్ పుస్తకాలు ఉచితం. పాస్టర్ ఇంటింటి మనుషుల్నీ కూర్చోబెట్టి పుస్తకం చదివించి, ఎవరెలా చదివారో గుర్తులు పెట్టేవాడు. నాకు స్వీడిష్ రాదు. అక్కర్లేదు కూడా, గడులు అన్ని పేజీల్లో ఒకటే, మాటలు అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. వెర్మ్‌లాండ్‌లో ఆమె పుట్టింటి పేజీ దొరకడానికి మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చున్నాను. చదవడం గడిలో ఆమెకి పెట్టిన గుర్తు, అన్నకి పెట్టినదానికన్నా మెరుగ్గా ఉంది. అప్పట్లో చదవడం అందరికీ నేర్పేవారు, రాయడం వేరు, అది ఆడపిల్లలకి చాలామందికి రాలేదు. ఆ పేజీ ప్రింట్ పెద్దావిడ ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది.

ఇక ఇంట్లో గొడవ. జూన్ చివర్లో జూమ్‌లో కజిన్లందరికీ ఇదంతా చూపించాను. నేను బయటిదాన్ని, పైగా ఎక్కడినుంచో వచ్చినదాన్ని. వాళ్ళ ముత్తాత 1873లోనే పోయాడని నేను చెప్పడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొలరాడో ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ ఒప్పుకోలేదు. సమాధి రాయి మీద 1875 ఉంది కదా అన్నారు. ఆ రాయి 1920ల్లో మనవలు వేయించింది, చనిపోయిన మూడేళ్ళకి భార్య ప్రమాణం చేసి చెప్పింది దానికన్నా నమ్మదగ్గదని నేనన్నాను. "ఆవిడకి రాయడం రాదని మీరే చెప్పారు కదా, గుమాస్తా తప్పు రాసుండొచ్చు" అన్నారు. చట్టప్రకారం భర్త చనిపోతేనే వితంతువు పేర పట్టా వస్తుంది కాబట్టి చనిపోవడంలో అనుమానం లేదు, ఏడాదే గొడవ. అసలు పట్టుదల ఏడాది గురించి కాదని అందరికీ తెలుసు. నాగలి పట్టిన మనిషి బొమ్మ పోతుందని. ప్లైవుడ్‌కి డబ్బు కూడా ఆయనే పంపారు.

పెద్దావిడ చివరిదాకా విని ఒకటే అన్నారు. "9 ఎకరాలు ఆయన, 18 ఎకరాలు ఆవిడ. ఎవరి చేతిలో పెడతావు నాగలి?" ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు, కానీ ఎవరూ ఔననీ అనలేదు. నెల రోజుల పాటు ఈమెయిళ్ళు నడిచాయి. ఒక కజిన్ ఇద్దరినీ వేయమంది. ఇంకొకాయన ఎద్దులు చాలన్నాడు. ముత్తవ్వ ఫోటో ఒక్కటీ లేదు. ముఖం ఊహించి వేయడం నాకు ఇష్టం లేదు, ఆ మాట గట్టిగానే చెప్పాను. చివరికి మనుషులెవరూ వద్దనుకున్నాం. భోషాణం ముందు పలక, దాని అక్షరాలతో సహా. వెనక గట్టులో ఒక తలుపు, ఒక కిటికీ. కింద దున్నిన నేల, 27 చాళ్ళు, తొమ్మిది ఒక రంగు, పద్దెనిమిది ఇంకో రంగు. రాతలో ఇద్దరి పేర్లు, 1871, 1877. చావు సంవత్సరం వేయలేదు. దీనికి కొలరాడో ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఇంకో విషయం నేనే లేవదీశాను. ఫైలు మొదటి కాగితంలో "ప్రభుత్వ భూమి" అని ఉంటుంది, అంతకుముందు ఎవరిదో ఉండదు. ఈ రాష్ట్రానికి పేరిచ్చిన కా తెగవాళ్ళని 1873లో ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు, సరిగ్గా పెద్దావిడ ముత్తాత చనిపోయిన ఏడాదే. బోర్డు మీద చోటు లేదన్నారు. బంధువులకి పంచే కరపత్రంలో రెండు వాక్యాలు పెట్టించారు పెద్దావిడ. నాకు అది సరిపోలేదు, కానీ బోర్డు నాది కాదు.

పెయింటింగ్ జూలై చివర్లో మొదలైంది. ఎవరైనా ఈ ఎండల్లో చేయాలనుకుంటే వద్దని చెబుతాను. సైన్‌బోర్డులకి వాడే నున్నటి ప్లైవుడ్ రెండు షీట్లు, ఒక్కోటి నాలుగడుగులు ఎనిమిదడుగులు. వెనకా ముందూ అంచులకీ ప్రైమర్ రెండు కోట్లు. అంచులు వదిలేస్తే రెండో చలికాలానికి నీరు పట్టి ఉబ్బుతుందని ఊళ్ళో బోర్డులు వేసే ఒకాయన చెప్పాడు. రంగు ఒక్కోటీ మూడు కోట్లు. షెడ్‌లో వేడికి రంగు బ్రష్ మీదే ఆరిపోయేది. పగలు మానేసి తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకా చేశాను. తలుపులు తెరిస్తే గాలికి ధూళి, మూస్తే ఊపిరాడదు. ప్లైవుడ్ దాదాపు 200 డాలర్లు, రంగులు, ప్రైమర్ 180 దాకా, టేపు, బ్రష్‌లు, బోల్టులు, వెనక ఫ్రేము చెక్క కలిపి ఇంకో వంద. నా కష్టానికి డబ్బు తీసుకోలేదు, నా వీసా మీద తీసుకోకూడదు కూడా.

నేల నేను గోధుమరంగు వేశాను. పెద్దావిడ వచ్చి చూసి, "మన నేల ఈ రంగు కాదు, సాయంత్రం ఏడింటికి వెళ్ళి చూడు" అన్నారు. ఆవిడ పడగ్గదిలో సాండ్‌జేన్ లితోగ్రాఫ్ ఒకటి ఉంది, వాళ్ళమ్మ కొనుక్కున్నది. తన బొమ్మలు మామూలు ఇళ్ళల్లోనూ ఉండాలని ఆయన ప్రింట్లు వేసి తక్కువ ధరకి అమ్మేవాడు. అది నలుపు తెలుపే. కాలేజీ ఆవరణలోని సాండ్‌జేన్ గ్యాలరీకి వెళ్ళి రంగుల కాన్వాసుల ముందు నిలబడితే అర్థమైంది, ఊదా, గులాబి, పచ్చ, బురద మెత్తినంత మందంగా. పొలానికి వెళ్ళి సాయంత్రం చూశాను. దున్నిన చాళ్ళ నీడలు నిజంగానే ఊదారంగులో ఉన్నాయి. గోధుమరంగు మీద మళ్ళీ వేశాను. అందుకే బోర్డుకి దగ్గరగా వెళితే కొన్నిచోట్ల రంగు ఎత్తుగా తగులుతుంది.

సెప్టెంబర్‌లో కౌలు రైతు తన లోడర్‌తో బోర్డు ఎత్తి బిగించాడు. గాలి లేని ఉదయం కోసం రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. కాన్సాస్‌లో ఎనిమిది అడుగుల పలకని గాలిలో ఎత్తితే అది తెరచాపే. ఖర్చు లేదు, కాఫీ, బన్నులు.

అక్టోబర్‌లో హిల్నింగ్స్‌ఫెస్ట్. బేసి సంవత్సరాల్లో రెండేళ్ళకోసారి వచ్చే ఊరి పండగ, 1941లో మొదలైంది. కజిన్లు ఎలాగూ ఆ పండక్కి వస్తారు కాబట్టి ముందురోజు పొలంలో కలిశారు. వంటలు, ఫోటోలు, ప్రసంగం. ఇవన్నీ మామూలే. నాకు బాగా గుర్తున్నది వేరు. బార్న్ లోపల నేల మీద, బేస్‌బాల్ మైదానంలో గీతలు వేసే సున్నం డబ్బాతో, 12 అడుగులు, 14 అడుగుల గడి గీశాం. తలుపు ఎక్కడుందో తెలియదు కాబట్టి తలుపు గీయలేదు. ఇది నా ఆలోచనే. మొదట పిల్లలు దూకారు లోపలికి, తర్వాత పెద్దవాళ్ళు. కుర్చీ వేసి పెద్దావిడని కూర్చోబెట్టారు. పదిమంది నిలబడేసరికి భుజాలు తగులుతున్నాయి. "ఇందులో పొయ్యి ఎక్కడ పెట్టారు?" అని ఒకమ్మాయి అడిగింది. "చలికాలంలో బట్టలెక్కడ ఆరేసేవాళ్ళు?" అని ఇంకొకరు. నెల రోజుల ఈమెయిళ్ళలో ఎవరూ అడగని ప్రశ్నలు అవి.

కొలరాడో ఆయన వచ్చారు. గడిలోకి రాలేదు, తలుపు దగ్గర నిలబడ్డారు. కాసేపయ్యాక నా దగ్గరికి వచ్చి ఆ ఫైలు తనకి పంపమన్నారు. జూన్‌లోనే పంపాను, తెరిచినట్టు లేరు. మళ్ళీ పంపాను. ఆ రాత్రే జవాబు వచ్చింది, సాక్షి వాంగ్మూలంలో ఒక మాట నేను తప్పు చదివానని, కొట్టం కాదు, కోళ్ళగూడు అని. చూస్తే ఆయనే కరెక్టు. సమాధి రాయి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు వెనక వీధిలో ఉండే ఇంకో కుటుంబం తమ ఫైలు కూడా తెప్పించమని అడిగింది. అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ఫెడరల్ ప్రభుత్వం మూతపడటంతో ఆగి, ఆ తర్వాత డబ్బు కట్టాం. వీళ్ళది కూడా 80 ఎకరాలే. పట్టా ముత్తాత పేరు మీదే ఉంది, కానీ ఇంటివాళ్ళెవరూ వినని ఒక మొదటి భార్య పేరు చర్చి పుస్తకంలో కనిపించింది. ఈసారి ఫైలు వచ్చేదాకా జూమ్ మీటింగ్ పెట్టొద్దని ముందే చెప్పాను.